‘చంపేసినావ్ నాయనా’ మీద అప్పీలు

ఇంగ్లిష్ భాషతో నాకు పెద్ద గొడవలేమీ లేవు, ‘స్టాండ్స్’ అన్న ఒక్క మాటతో తప్ప.

మా ఇంట్లో శనివారం సాయంత్రమైతే టీవీలో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ నడుస్తుంది. కార్డిఫ్‌లో ఉంటూ, ఊరంతా రగ్బీ రగ్బీ అంటుంటే, మావాడికి ఈ పిచ్చి ఎలా పట్టుకుందో తెలీదు. పట్టుకుంది. వాడి నుంచి వాళ్ళ నాన్నకి అంటుకుంది. ఇంట్లో ఇద్దరికి జలుబు చేస్తే మూడో మనిషి ఎన్నాళ్ళని ఆగుతుంది? పేరుకి ఫుట్‌బాలే గానీ అందులో కాలికి పెద్దగా పనుండదు. బంతిని చంకలో పెట్టుకుని ఒకడు పరిగెడతాడు, వాణ్ణి పదకొండు మంది పడగొట్టాలని చూస్తారు. మధ్యలో ఏదైనా అనుమానమొస్తే రెఫరీ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని చిన్న తెర ముందు నిలబడతాడు. ఆ నిలబడటం ఎంతసేపంటే, నేను కూర వేడి చేసి, చపాతీలు కాల్చి, మా అమ్మకి ఫోన్ చేసి వచ్చినా ఆయన ఇంకా అక్కడే ఉంటాడు. అన్నీ అయ్యాక మైదానం మధ్యకొచ్చి తీర్పు చెబుతాడు.

ఆ తీర్పులు మూడు రకాలు. ‘కన్‌ఫర్మ్‌డ్’ అంటే మేం ముందు చెప్పింది నిజమే అని. ‘ఓవర్‌టర్న్‌డ్’ అంటే మేం చెప్పింది తప్పు అని. ‘స్టాండ్స్’ అంటే మేం చెప్పింది నిజమో కాదో ఇంతసేపు చూసినా మాకు తెలీలేదు, కాబట్టి అదే నిజం అని. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఆఫీసులో ఏ డెవలపరైనా ‘బగ్ ఉందో లేదో తేలలేదు, కాబట్టి లేదు’ అంటే ఆ రోజు మా మీటింగ్ కొంచెం పొడుగవుతుంది.

ఇదంతా టీవీలో ఉన్నంతకాలం నాకొచ్చిన ఇబ్బందేం లేదు. మావాడు ఇక్కడి యూనివర్సిటీలోనే ఇంజనీరింగ్‌లో చేరి, వాళ్ళ టీమ్‌లో ఆడటం మొదలెట్టాక ఇబ్బంది ఇంట్లోకొచ్చింది. ఈ దేశంలో యూనివర్సిటీలకి ఈ ఆట టీములున్నాయని చాలామందికి తెలీదు. ఆ యూనివర్సిటీల్లో చదివేవాళ్ళలో కూడా చాలామందికి తెలీదు. ఆదివారం మధ్యాహ్నం, ఊరి చివర, రగ్బీ గీతల మీదే ఇంకో రంగు గీతలు గీసిన మైదానం. గాలికి అడ్డంగా పడే వాన. ఇటువైపు అమ్మానాన్నలు, గర్ల్‌ఫ్రెండ్లు, ఎవరిదో ఒక కుక్క. అటువైపు కూడా అంతే, కుక్క తప్ప. రెఫరీలందరూ జీతం లేకుండా, ఇష్టంతో వచ్చినవాళ్ళు. అందుకని వాళ్ళని ఏమీ అనడానికి లేదు. ఈ ఆటలో నాకన్నిటికన్నా ఎక్కువ చిరాకు తెప్పించే విషయం అదే.

మావాడి పని, బంతి పట్టుకుని వచ్చేవాణ్ణి పడగొట్టడం. ఇంట్లో తిన్న పళ్ళెం తీసి సింకులో పడెయ్యనివాడు అక్కడ మాత్రం చాలా శ్రద్ధగా పడేసేవాడు.

ఆఖరి సంవత్సరం, సీజన్లో ఆఖరి మ్యాచ్‌కి ముందు మ్యాచ్. హాఫ్‌టైమ్ అయ్యింది. పిల్లలు నారింజ ముక్కలు చీకి, తొక్కలు బకెట్లో వేసి మళ్ళీ లోపలికెళ్ళారు. ఇంకా మా టీ కూడా చల్లారలేదు. అవతలి టీమ్ కుర్రాడొకడు బంతితో పరిగెత్తుకొచ్చాడు, మావాడు భుజంతో వాడి ఛాతీకి తగిలాడు, ఇద్దరూ బురదలో కొంత దూరం జారారు. చక్కటి దెబ్బ. వాడు లేచాడు, వీడు లేచాడు, ఒకళ్ళనొకళ్ళు వీపు తట్టుకున్నారు. అప్పుడు రెఫరీ నడుం దగ్గర్నుంచి పసుపు గుడ్డ తీసి విసిరాడు.

మా ఇళ్ళల్లో పసుపు గుడ్డ అంటే ఏదో శుభకార్యం. ఇక్కడ ఫౌలు. అందులోనూ ఇది మామూలు ఫౌలు కాదు. హెల్మెట్‌తో గానీ, మెడకి పైన గానీ ఎదుటివాణ్ణి కొట్టావని నేరం. శిక్ష, ఆట నుంచి పంపెయ్యడం. మొదటి సగంలో చేస్తే హాఫ్‌టైమ్‌లో, ఎవరి దగ్గరైనా వీడియో ఉంటే, రెఫరీలు చూసి మార్చుకోవచ్చు. రెండో సగంలో చేస్తే అక్కడికక్కడ చూసేది లేదు. పైగా తర్వాతి మ్యాచ్ మొదటి సగం కూడా ఆడకూడదు. అంటే ఇదే దెబ్బ నారింజ ముక్కలకి ముందు కొట్టుంటే విచారణ ఉండేది. నారింజ ముక్కల తర్వాత కొట్టాడు గనక లేదు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకొకటుంది. రూల్ పుస్తకంలో స్పష్టంగా రాసుంది, రెఫరీకి అనుమానముంటే ఫౌలే ఇవ్వాలని. సరే. తర్వాత అప్పీలు చేసుకోవచ్చు, అది చూసే కమిటీకి అనుమానముంటే రెఫరీ మాటే స్టాండ్స్. రెఫరీకి అనుమానమొచ్చినా మావాడిదే తప్పు, కమిటీకి అనుమానమొచ్చినా మావాడిదే తప్పు. అనుమానం లేని మనుషులెవరైనా దొరికితే తప్ప వీడు బయటపడే దారి లేదు.

మావాడు హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని మా వైపు నడిచొచ్చాడు. వాళ్ళ నాన్న అప్పటికే గీత దాకా వెళ్ళిపోయారు. ఆయనది అనంతపురం వైపు. మామూలుగా చాలా నెమ్మదస్తుడు. ఈ ఆట చూసేటప్పుడు మాత్రం కాదు.

“యాడ తగిలింది తలకాయకి? యాడ? భుజం గదా అది! కండ్లు ఉండాయా లేవా ఆయప్పకి?”

“డాడ్, స్టాప్. ప్లీజ్.”

“నేనేమన్నా తప్పు చెప్తాండానా? ఫోన్లో తీసినా నాయనా, అంతా తీసినా. సూపిస్తా దా.”

“దే కాంట్ లుక్ ఎట్ ఇట్ నౌ. సెకండ్ హాఫ్.”

“అప్పుడు జూసినారు గదా పోయిన నెల, ఆ పొడుగోనికి?”

“దట్ వాజ్ ఫస్ట్ హాఫ్, డాడ్.”

మా ఆయన నా వైపు తిరిగి, “మే, ఇది నీకేమన్నా అర్థమయితాందా?” అన్నారు. అర్థమైందనే అన్నాను. బాధే అది.

మావాడు కోటు కప్పుకుని నిలబడ్డాడు. తర్వాతి ఆదివారం ఆడేది వాడి ఆఖరి మ్యాచ్. జూన్‌లో చదువైపోతుంది, మాంచెస్టర్‌లో ఉద్యోగం. ఈ ఆటకి యూనివర్సిటీ దాటాక పెద్దగా ఊరూ పేరూ ఉండవు ఇక్కడ. అంటే వాడు బతుకులో ఇంక ఆడబోయేది ఒకే ఒక్క ఆట, అందులో సగం ఇప్పుడే పోయింది. అది వాడు చెప్పలేదు. బూట్ల లేసులు విప్పి, మళ్ళీ కట్టుకున్నాడు, అంతే.

ఏ అప్పీలైనా సోమవారం సాయంత్రం లోపల, వీడియోతో సహా పంపాలి. కమిటీ పెట్టిన షరతు ఒకటే, వీడియోలో ఎక్కడా కత్తిరింపులు, మార్పులు ఉండకూడదు. మా ఆయన తీసిన వీడియో నిజంగానే బాగుంది. వాన, బురద, పరిగెత్తుకొస్తున్న కుర్రాడు, భుజం, ఛాతీ. తల పక్కకే ఉంది. పిల్లాడి అప్పీలుకి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఒక్కటే చిన్న విషయం. భుజం తగిలిన క్షణాన ఫోన్ పట్టుకున్న మనిషి గొంతు, గాలినీ వాననీ దాటుకుని, ఖంగుమని వినబడుతుంది.

“చంపేసినావ్ నాయనా! ఇరగదీసినావ్ పో!”

“సౌండ్ తీసేద్దామా?” అన్నాను.

“తీస్తే మార్పు చేసినట్లు కాదా? రూలు రూలే,” అన్నారు ఆయన, ఆదివారం నుంచీ రూల్సుని తిడుతున్న మనిషి. “అయినా ఆ మాట ఎవురికి అర్థమయితాది, కమిటీలో?”

మంగళవారం కమిటీ నుంచి మెయిల్ వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. వీడియో స్పష్టంగా ఉందని మెచ్చుకున్నారు. అయితే అందులో ఒక ప్రేక్షకుడు ఆటగాడితో ఏదో అంటున్నాడని, అది దాడికి పురికొల్పడమేమో చూడాల్సి ఉందని, తమ దగ్గరున్న అనువాదం యాప్‌లో వేసి చూశామని రాశారు. యాప్ ఇచ్చిన ఇంగ్లిష్ కింద పెట్టారు. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది: ‘తండ్రీ, నీవు హత్య చేసితివి. విరిచి తీసితివి. వెళ్ళుము.’

కింద రెండు ప్రశ్నలు. ఒకటి, ఆటగాణ్ణి తండ్రీ అని పిలుస్తున్న ఈ పిల్లవాడు ఎవరు? రెండు, వెళ్ళమన్నది ఎక్కడికి?

నేను ఆ సాయంత్రం ఎంతో ఓపిగ్గా జవాబు రాశాను. మా భాషలో అమ్మానాన్నలు కొడుకుని ముద్దుగా నాయనా అనీ, నాన్నా అనీ పిలుస్తారని, ఇందులో పిల్లవాడెవడూ లేడని, ఆ గొంతు వాడి నాన్నది, ఒక నడివయసు ఇంజనీరుదని రాశాను. చంపేశావ్ అంటే శభాష్ అని, ఇరగదీశావ్ అన్నా శభాషేనని, ‘పో’ అన్నదానికి ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదని కూడా రాశాను. మెచ్చుకోలుకి మాకు శాంతమైన మాటలు ఏమైనా ఉన్నాయా అని చాలాసేపు వెతుక్కున్నాను. ఎదుటివాడి చెయ్యో కాలో విరక్కుండా మెచ్చుకోవడం మాకు పెద్దగా చేతకాదని అప్పుడే తెలిసింది.

బుధవారం జవాబు. వివరణకు ధన్యవాదాలు. కానీ కుటుంబసభ్యులు చేసిన అనువాదం పరిగణించలేము. భాష తెలిసిన వేరే వ్యక్తి సంతకంతో పంపండి.

మా వీధిలో రెండిళ్ళ అవతల ఒక ఆంటీ ఉంటారు. గుంటూరు వైపు మనిషి, ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో సీనియర్ నర్సు, ఆదివారం చర్చి తప్పదు. వీధిలో తెలుగు వచ్చినవాళ్ళు, మాతో చుట్టరికం లేనివాళ్ళు, సంతకానికి విలువున్నవాళ్ళు ఆవిడొక్కరే. ఆవిడలో ఒక్క లోపం, అబద్ధం చెప్పరు. ఆవిడకి గురువారం మధ్యాహ్నం షిఫ్టని తెలిసి పొద్దున్నే వెళ్ళాం. యూనిఫామ్‌లో ఉన్నారు, టీ ఇచ్చారు, కళ్ళజోడు పెట్టుకుని వీడియో చూశారు.

“మళ్ళీ పెట్టమ్మా.”

మళ్ళీ పెట్టాను.

“చంపేసినావ్ అన్నారుగా మీ ఆయన.”

“అన్నారు ఆంటీ.”

“మరి చంపేసినావ్ అనే రాయాలిగా.”

మా ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. “ఆంటీ, చంపేసినావ్ అంటే చంపేసినట్లు కాదు గదా. అట్ల రాస్తే పిల్లోని ఆట పోతాది.”

“నాకు తెలుసయ్యా. నేనేమన్నా లండన్‌లో పుట్టానా? కానీ ఉన్న మాట లేదని రాయమంటే నా వల్ల కాదు. రేపు నన్నెవరైనా అడిగితే ఏం చెప్పను?”

“మిమ్మల్ని ఎవరడుగుతారు ఆంటీ?” అన్నాను.

ఆవిడ పైకి చూశారు. ఆ అడిగేవారితో వాదన పెట్టుకునేంత ధైర్యం మా ఇద్దరికీ లేదు.

“బాబుకి తగల్లేదుగా, ఆ రెండో అబ్బాయికి?” అన్నారు.

“లేదాంటీ, లేచి వీపు తట్టాడు. అదీ ఉంది వీడియోలో.”

ఆవిడ ఆ ముక్క కూడా చూశారు. నర్సు చూపుతో, కుర్రాడు ఎలా లేచాడు, మెడ ఎలా తిప్పాడు అని చూశారు. తర్వాత పెన్ను తీసి, గుండ్రటి ఇంగ్లిష్ అక్షరాలతో, ఆసుపత్రి నోట్స్ రాసినట్టు రాశారు. ఆ కాగితం మేం ఫోటో తీసి పంపాం గనక ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ‘ఆ వ్యక్తి అన్నది, నీవు చంపేశావు నాన్నా అని. ఇది సరైన అనువాదం. పోయిన క్రిస్మస్‌కి మా అమ్మాయి చర్చిలో పాడినప్పుడు నేనూ ఇదే మాట అన్నాను. మా అమ్మాయి, విన్నవాళ్ళు, పాస్టర్ గారు, అందరూ క్షేమంగా ఉన్నారు.’ కింద సంతకం, హోదా.

మా ఆయన గడప దాటాక, “అబద్ధం జెప్పకుండా ఇంత మేలు జేయొచ్చని నాకు తెల్దు మే,” అన్నారు.

శుక్రవారం మెయిల్ లేదు. శనివారం లేదు. మ్యాచ్ లోపల నిర్ణయం చెబుతామని మాత్రం ముందే రాసి ఉన్నారు. ‘లోపల’ అన్న మాటని ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా అర్థం చేసుకోవచ్చో మేమప్పటికి ఆలోచించలేదు.

ఆదివారం మావాడు పూర్తిగా తయారై వచ్చాడు. భుజాలకి ప్యాడ్లు, బూట్లు, వేళ్ళకి టేపు. మెయిల్ వస్తే ఒక్క నిమిషం కూడా వృథా కాకూడదని. మొదటి సగమంతా గీత పక్కన హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వాడి చోట ఆడిన పిల్లాడు మొదటి సంవత్సరం వాడు, పాపం, వాడి తప్పేం లేదు. వాడి పక్క నుంచే అవతలివాళ్ళు రెండుసార్లు దూసుకుపోయి పాయింట్లు కొట్టారు. మావాడు గీత మీంచి అరుస్తూనే ఉన్నాడు, “లెఫ్ట్! లెఫ్ట్! వాచ్ యువర్ లెఫ్ట్!” అని. మా ఆయన మాత్రం నోరు విప్పలేదు. ఫోన్ కూడా తియ్యలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని, వానలో, కోర్టులో ఉన్నట్టు నిలబడ్డారు.

హాఫ్‌టైమ్ విజిల్ వేశారు. పిల్లలు నారింజ ముక్కల దగ్గరికి వెళ్ళారు. నా ఫోన్ మోగింది.

ఓవర్‌టర్న్‌డ్.

వీడియోలో భుజమే తగిలిందని స్పష్టంగా ఉందట. ప్రేక్షకుడి మాటల్లో దురుద్దేశం లేదట. తర్వాతి మ్యాచ్ మొదటి సగానికి వేసిన నిషేధం ఇందుమూలంగా రద్దట. పంపిన టైమ్ చూశాను. విజిల్ వేసిన నిమిషమే. కమిటీలో వాళ్ళు కూడా జీతం లేనివాళ్ళే, ఆదివారం భోజనాలయ్యాక గిన్నెలు కడిగి కూర్చుని ఉంటారు.

మా ఆయన నా భుజం మీంచి చదివారు.

“ఇప్పుడొచ్చిందా? సగం అయిపోయినాంక? దీన్నేం జేసుకోవల్ల?”

“మెల్లిగా.”

“పోయి అడుగుతా ఉండు.”

“ఏమని అడుగుతారు?”

“ఆ సగం మళ్ళా ఆడించమని!”

ఆయన వెళ్ళనక్కర్లేకపోయింది. తెల్ల టోపీ రెఫరీ, ఆ రోజు గుడ్డ విసిరిన ఆయనే, ఫ్లాస్కు పట్టుకుని మా వైపే వచ్చాడు. ఆయనకీ కాపీ వచ్చిందట. చాలా సంతోషమన్నాడు, మనస్ఫూర్తిగానే. “టు బి ఆనెస్ట్, నాకూ ఆ రోజు డౌటే,” అని, ఇంకో మంచి మాట ఏదైనా చెప్పాలన్నట్టు కాసేపు నిలబడి, వాన గురించి చెప్పి వెళ్ళిపోయాడు. మా ఆయన రెఫరీ వెళ్ళినవైపే చూస్తూ ఉండిపోయారు. తిట్టడానికి మనిషి దొరకనప్పుడు ఆయన మొహం అలా అయిపోతుంది.

“వాడికి చెప్తా,” అన్నారు చివరికి.

“వద్దు. ఇప్పుడొద్దు.”

“ఎందుకు?”

ఎందుకంటే వాడు ఇప్పటిదాకా తప్పు చేశానేమో, దానికి శిక్ష అనుభవిస్తున్నానేమో అనుకుని నిలబడ్డాడు. అదొకరకం ఓర్పు. తప్పే లేదని తెలిస్తే ఆ సగం తలుచుకుంటూ ఈ సగం ఆడతాడు. కోపంలో ఇంకెవరి తలకాయకైనా నిజంగానే తగిలిస్తే? అప్పుడు తర్వాతి మ్యాచ్ మొదటి సగం పోతుంది. తర్వాతి మ్యాచే లేదు. వాడిక ఏ రూలుకీ అందనివాడు, అదే నా భయం. ఇదంతా చెప్పలేదు. “ఆడనివ్వండి వాణ్ణి,” అన్నాను.

ఆడాడు. నేను చూసిన ఆటల్లో అంత నెమ్మదిగా, అంత లెక్కగా వాడెప్పుడూ ఆడలేదు. ఎడమవైపు నుంచి ఒక్కణ్ణీ పోనివ్వలేదు. పడగొట్టిన ప్రతిసారీ తల పక్కకి పెట్టి, భుజం ముందుకి పెట్టి, పుస్తకంలో బొమ్మలా పడగొట్టాడు, కింద పడ్డవాడికి చెయ్యందించాడు. రెండో సగంలో అవతలివాళ్ళకి ఒక్క పాయింటూ రాలేదు. మావాళ్ళకి కొన్ని వచ్చాయి. చాల్లేదు. మొదటి సగంలో పోయినవి చాలా ఎక్కువ.

కారెక్కాక చెప్పాను. వెనక సీట్లో, బురదతో, ఏమీ తుడుచుకోకుండా కూర్చున్నాడు.

“మెయిల్ వచ్చింది నాన్నా.”

“అండ్?”

“ఓవర్‌టర్న్‌డ్.”

“వెన్?”

“హాఫ్‌టైమ్.”

వాడు కిటికీలోంచి మైదానం వైపు చూశాడు. గోల్ స్తంభాలకి చుట్టిన ప్యాడ్లు విప్పుతున్నారు. అరుస్తాడనుకున్నాను. ఏడుస్తాడేమోనని కూడా అనుకున్నాను, ఇరవై రెండేళ్ళవాడు. మా ఆయన స్టీరింగ్ పట్టుకుని ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా కూర్చున్నారు.

“సో ఐ డిడ్న్ట్ డూ ఇట్,” అన్నాడు.

“లేదు. నువ్వు చెయ్యలేదు.”

“కెన్ యూ ఫార్వర్డ్ ఇట్ టు మీ?”

పంపాను. వెనక నుంచి ఫోన్ చప్పుడు వినిపించింది. చదువుతున్నాడు. మెయిల్ చిన్నదే, వాడు మాత్రం చాలాసేపు చదివాడు.

“మమ్. మన ఇంటిపేరు తప్పు రాశారు.”

మా ఆయన అద్దంలోంచి వాడి వైపు చూశారు.

“దాని మీద అప్పీల్ చేద్దామా నాయనా?”

ఎవరం నవ్వలేదు. సోమవారం సాయంత్రం దాకా టైముంది కదా అని ముగ్గురం కాసేపు నిజంగానే ఆలోచించాం.